పొగ తగిలిన గింజ

విత్తన కేంద్రం గేటు ముందు సుబ్బరత్నమ్మ బస్సు దిగేసరికి నలుగురు మనుషులు గోడలోంచి పెద్ద ఇనప పెట్టెను పెరికి లారీకి ఎక్కిస్తున్నారు. పెట్టె వెనక గొట్టాలు తెగి వేలాడుతున్నాయి. అది ఉన్న చోట గోడకు పెద్ద కంత పడింది. మే నెల, ఆత్మకూరు పొలిమేర, నెల్లూరు నుంచి బద్వేలు పోయే రోడ్డు. తారు కరిగి చెప్పులకు అంటుకుంటున్న మధ్యాహ్నం. ఆ కంతలోంచి వచ్చిన చల్లగాలి మొహానికి తగిలితే ఆమెకు ప్రాణం లేచొచ్చినట్టయింది. అది గింజల ప్రాణమని, అలా బయటికి పోతోందని ఆమెకు అప్పటికి తెలియదు.

అది తెలిసిన మనిషి వేపచెట్టు కింద చేతులు కట్టుకుని నిలబడి ఉంది. పేరు విజయకుమారి. ఆ కేంద్రంలో విత్తన శాస్త్రవేత్త. ఉదయగిరి కొండ కింది పల్లెలన్నీ తిరిగి, ఇంటింటా దోసెడు గింజలు అడిగి తెచ్చి, ఆరబెట్టి, వెండి రంగు కవర్లలో మూసి ఆ చలిగదిలో దాచింది ఆమే. చేతులు కట్టుకోక ఏం చేస్తుంది? పొద్దున్నే ఆమె దగ్గర తాళాలు గుంజుకున్నారు.

"అమ్మా, నేను బండమీదపల్లె సుబ్బరత్నమ్మని. మా కోడలి పురిటప్పుడు మా ఇంటికొచ్చినావు గదా. మీసాల సజ్జ కంకులు తీసుకొనిపోయినావు."

"గుర్తుంది. మజ్జిగ ఇచ్చావు."

"ఆ గింజ కావాలమ్మా. ఇట్టా అడగడానికి సిగ్గుగా ఉండాది. తిరిగి ఇయ్యి."

విజయకుమారి మొహం పక్కకు తిప్పుకుంది.

మెట్ట నేల తెలియని వాళ్ళకు మీసాల సజ్జ సంగతి చెప్పాలి. కంకి నిండా ముళ్ళలాంటి మీసాలుంటాయి, పిట్ట వాలలేదు. మనిషికంటే ఎత్తు పెరుగుతుంది. గింజ మనుషులకు, చొప్ప జీవాలకు. బండమీదపల్లెలో గొర్రెలు కాచుకునే కుటుంబాలు తొలకరి పడగానే తడి నేల మీద ఆ గింజ చల్లి, పైనుంచి మందను తోలేవాళ్ళు. గొర్రె గిట్టలు గింజను మట్టిలోకి తొక్కుతాయి. నాగలి అక్కర్లేదు, విత్తే గొర్రు అక్కర్లేదు. రెండు వానలు పడితే పంట చేతికొచ్చేది.

తర్వాత రమేష్‌బాబు వచ్చాడు. తాతల కాలం నుంచి ఊరి పెత్తనం వాళ్ళ ఇంటి అరుగు మీదే నడిచింది. ఇప్పుడతను సీడు కంపెనీకి ఆర్గనైజరు. హైబ్రిడ్ సజ్జ తెచ్చి మొదటి ఏడు ఉత్తపుణ్యానికి పంచాడు. పంట బాగానే వచ్చింది, అబద్ధమెందుకు. ఆ తర్వాత ఏడాదికేడాది కొనుక్కోమన్నాడు. కొన్నారు. కొన్నాక వెర్రికంకి తెగులు పట్టింది. గింజ కట్టాల్సిన కంకి ఆకులై చీలికలై పచ్చగా నిలబడింది. చొప్ప పొట్టి, జీవాలకు చాలలేదు. మందలు సగానికి సగం సంతకు తోలారు. రెండేళ్ళు వరసగా అదే గతి. అప్పుడు అందరికీ మీసాల సజ్జ గుర్తొచ్చింది. వంటింట్లో వేలాడుతున్న కంకుల కట్ట దించి నూర్చి చల్లింది సుబ్బరత్నమ్మ. ఒక్క మొలక రాలేదు.

ఆ మాటే చెప్పుకుంది ఇప్పుడు. విజయకుమారి అడిగింది:

"కట్ట ఎక్కడ వేలాడదీశారు?"

"యాడ కడతాం? పొయ్యి మీదనే. మా అత్తా అక్కడనే కట్టినాది."

"ఏ పొయ్యి?"

సుబ్బరత్నమ్మ నోరు తెరిచి ఆగిపోయింది. తర్వాత మెల్లగా "గ్యాసు" అంది.

చూశారా, ఎంత మామూలు సంగతి. పొయ్యి మారింది, కట్ట కట్టే చోటు మారలేదు. కట్టెల పొయ్యి మీద రోజూ పొగ తగిలి గింజ ఆరుగా ఉండేది, పురుగు దగ్గరికి వచ్చేది కాదు. గ్యాసు పొయ్యి మీద అన్నం ఆవిరి తగిలి తడిసింది. పెద్దలు కట్టిన చోటనే కట్టాం గదా అనుకున్నారు. పొగ కోసం అక్కడ కట్టారని ఏ పెద్దా చెప్పలేదు, ఏ పిల్లా అడగలేదు.

"గింజ కూడా ఊపిరి తీస్తుందమ్మా," అంది విజయకుమారి. "తేమా వేడీ ఎక్కువైతే గబగబా తీస్తుంది. తన బలం తనే తినేసుకుని చచ్చిపోతుంది. మీ పొగైనా నా చలిగదైనా చేసేది ఆ ఊపిరిని నెమ్మది చెయ్యడమే. గదిలో పెట్టి మరిచిపోకూడదు కూడా. కొన్నేళ్ళకోసారి చేలో పోసి కొత్త గింజ తీయాలి. ఆ పనికి మనుషులను ఇవ్వమని పైవాళ్ళ దగ్గర ఎంత మొత్తుకున్నా ఇవ్వలేదు. ఇప్పుడు చలి కూడా తీసేశారు. ఈ ఎండకు లోపల ఉన్నవన్నీ రోజుకింత చస్తాయి."

"మాకు గ్యాసు సంగతి ముందే చెప్పుంటే?"

"చెప్పాల్సింది మేమే. రాలేదు. అది మా తప్పు."

అప్పుడే తెల్ల కారు ఆగింది. రమేష్‌బాబు దిగాడు.

"ఏంది సుబ్బరత్నమ్మా, ఇంత దూరమొచ్చినావు? ఎండదెబ్బ తగులుతాది, ఇంటికి పో."

"నా గింజ కోసం వచ్చినా నాయనా."

"నీ గింజ ఏంది? ఏనాడో ఇచ్చేసినావు. అది గవర్నమెంటుది. గవర్నమెంటు ఈ కేంద్రాన్ని మా కంపెనీకి లీజుకిచ్చినాది. పనికొచ్చేవి హైదరాబాదు పోతాయి, మిగతాది ఆ వెనక గుంతలో పోస్తాం."

"పనికొచ్చేదేదో ఎవరు చెప్తారు?"

"కంపెనీ చెప్తాది."

"మేము తినేది కంపెనీ చెప్తాదా?"

రమేష్‌బాబు నవ్వి వాచ్‌మన్ వైపు చూశాడు. వాచ్‌మన్ ఆమె రెక్క పట్టుకుని గేటు బయటికి నెట్టాడు. యాభై దాటిన మనిషి. రోడ్డు మీద చెయ్యి ఆనించి లేచింది. అరచేతికి తారు అంటుకుంది.

*

మర్నాడు పొద్దున్న మందలు విప్పకముందే బండమీదపల్లె పాలకేంద్రం ముందు జనం చేరారు. కూలీనాలీ చేసుకునే వాళ్ళూ, హాస్టళ్ళలో చదువుకునే పిల్లలూ, ఇక్కడి నుంచి జాగ్రత్తగా వినండి. మనవాళ్ళు శత్రువు దగ్గర ఓడిపోయే ముందు తమలో తాము ఎలా ఓడిపోతారో ఇక్కడ ఉంది.

గ్యాసు సంగతీ గేటు సంగతీ సుబ్బరత్నమ్మ చెప్పగానే, మొదట ఎదురు తిరిగింది ఆమె మొగుడు ఆదెయ్యే.

"దీనికి మతి పోయినాది. గ్యాసు వల్ల గింజ చస్తాదా? మా అమ్మ కాలం నించి కట్టినట్టే కట్టినాం. కలికాలం, గింజలో సత్తువ పోయినాది, అంతే."

"అయితే అందరూ మీ కట్టలు దించుకొని రాండి," అంది సుబ్బరత్నమ్మ. "ఇక్కడ విప్పి చూద్దాం."

ఆడవాళ్ళు ఇళ్ళకు పోయి కట్టలు తెచ్చారు. పాలక్యాన్లు పక్కకు జరిపి గోతం పరిచారు. మొదటి కట్ట విప్పితే కంకుల్లోంచి తెల్లటి పిండి రాలింది, పిండిలో పురుగులు పాకాయి. రెండోదీ అంతే. మూడో కట్టలో గింజలు నిండుగానే ఉన్నాయి కానీ గోరుతో గిల్లితే లోపల బూజు. కొర్ర తెచ్చినామె, అలసంద తెచ్చినామె, ఎవరి కట్ట విప్పినా ఊక తప్ప ఏమీ లేదు. ఒక ముసలామె తన కట్ట విప్పనివ్వలేదు. గుండెకు అదుముకుని ఇంటికి తీసుకుపోయింది. ఆదెయ్య ఆ పిండిని వేళ్ళతో కెలికి తలగుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు.

పాలు పోయడానికి కాలనీ నుంచి వచ్చిన పాల్ ఇదంతా చూస్తూ నిలబడ్డాడు. వ్యవసాయ కూలీ సంఘంలో తిరిగే మనిషి.

"మా ఇంట్లో ఉండాది మీసాల సజ్జ," అన్నాడు. "మీ కోతలకొచ్చినప్పుడు మా ఆడమనిషి సారాకి కూలి కింద ఇచ్చిన కంకులే. ఏటా దిబ్బ పక్కన ఇంత పోసుకుంటాది. గ్యాసు బండ మాకూ ఇచ్చినారు గానీ నింపించే స్తోమత లేదు, మూలన పడుండాది. మాది కట్టెల పొయ్యే. మొలుస్తాది. తీసుకోండి."

అంతసేపూ ఏడుస్తున్న ఆడవాళ్ళు ఏడుపు ఆపేశారు. బండమీదపల్లెలో గింజ ఊరి నుంచి కాలనీకి కూలిగా పోతుంది. కాలనీ పొయ్యి మీది గింజ ఊరి చేలోకి రాదు. ఎవరూ రాసిపెట్టలేదు, అందరికీ తెలుసు.

"కాలనీ పొయ్యి మీద గింజ మా చేలో పొయ్యడమా?" అన్నాడు ఆదెయ్య. "అరిష్టం."

సుబ్బరత్నమ్మ పక్కనే ఉంది. నోరు విప్పలేదు. అరచేతికి తారు అంటిన మనిషి, అన్యాయమంటే ఏందో నిన్ననే తెలుసుకున్న మనిషి, నోరు విప్పలేదు. అందుకు ఆమెను నేను వెనకేసుకురాను.

పాల్‌కు కోపం వచ్చింది.

"సరే, మా గింజ మీకొద్దు. ఆ గదిలో ఉండేది మీ గింజ ఒక్కటే కాదు. కలిగిరి కొర్ర ఉండాది. సోమశిల డ్యాం కింద మునిగిపోయిన ఊళ్ళ జొన్న ఉండాది. ఊళ్ళు పోయినా ఆ గింజ మిగిలినాది. దాన్ని గుంతలో పోస్తారంట. మా సంఘం గేటు కాడ కూర్చుంటాది. మీరొస్తారా రారా, అది చెప్పండి."

"పోలీసులొస్తే?" అని ఎవరో అడిగారు.

"రమేష్‌బాబు మా పిల్లోడికి ఉద్యోగం ఇప్పిస్తానన్నాడు," అని ఇంకెవరో గొణిగారు.

"ఇప్పిస్తాడు, వాచ్‌మన్ ఉద్యోగం. మీ అమ్మను గేటు బయటికి నెట్టే పని," అంది సుబ్బరత్నమ్మ.

ఆదెయ్య తల గీరుకున్నాడు. గొర్రె విషయంలో తప్ప దేనికీ తొందరపడే మనిషి కాదు. చివరికి అన్నాడు: "ఎట్టాగూ ఎండాకాలం మందలు పెన్న ఒడ్డుకి దిగే దారే అది. మందలతో పోదాం. దారిలో గొర్రె పండుకుంటే కేసు పెడతారా?"

ఆ పొద్దు అక్కడ నవ్వు వినపడింది అప్పుడొక్కసారే.

*

మందలు గేటు ముందుకు చేరేసరికి కంపెనీ లారీలో విత్తనాల పెట్టెలు సర్దుతున్నారు. గొర్రెలు రోడ్డు నిండా పరుచుకున్నాయి. అటు బద్వేలు బస్సులూ ఇటు నెల్లూరు బస్సులూ ఆగిపోయాయి. సంఘం వాళ్ళు ఎర్రగుడ్డ కట్టారు. కాలనీ ఆడవాళ్ళూ ఊరి ఆడవాళ్ళూ గేటుకు చెరో పక్క కూర్చున్నారు, మధ్యలో ఇంత ఖాళీ వదిలి.

జిల్లా నుంచి ఒక అధికారి వచ్చాడు. గొర్రె పెంటికల మధ్య బూట్లు చూసుకుంటూ నడిచాడు.

"ఆ గింజలు ఎప్పుడో చచ్చిపోయాయి. చచ్చిన గింజల కోసం రోడ్డు ఆపుతారా? కావాలంటే మేడమ్‌నే అడగండి. చెప్పండి మేడమ్."

విజయకుమారి జనం వైపు వచ్చి నిలబడింది. ఆమె అటు నుంచి ఇటు వేసిన ఆ నాలుగడుగులకే ఉద్యోగానికి ఎసరొచ్చింది.

"మొలక పరీక్ష చెయ్యకుండా చచ్చాయని నేను చెప్పను."

"అయితే ఇక్కడే చెయ్యండి," అన్నాడు పాల్. "మా ముందర చెయ్యండి. చచ్చినాయని తేలితే గొర్రెల్ని మేమే మళ్ళిస్తాం."

అధికారి పక్కకు పోయి ఫోన్‌లో మాట్లాడి వచ్చి సరేనన్నాడు. అంత తేలిగ్గా ఒప్పుకున్నప్పుడే అనుమానించాల్సింది.

విజయకుమారి పెట్టెల్లోంచి ఒక్కో రకం కవరు కత్తిరించి ఆడవాళ్ళ దోసిట్లో ఇంత ఇంత పోసింది. సగం పొడిగా కొంగున ముడేసుకోమంది. మిగతా సగం తడిగుడ్డలో పరిచి చుట్టమంది. "గుడ్డలో మొలిచినవెన్నో చూస్తే కొంగులో బతికున్నవెన్నో తెలుస్తుంది. తడి ఎక్కువైతే కుళ్ళుతుంది, ఆరితే చస్తుంది. మూడో నాటికి తెలిసిపోతుంది." ఆడవాళ్ళు పాత చీరల అంచులు చింపారు. ఒకామెకు కొర్ర, ఒకామెకు వరిగ, సోమశిల ముంపువాళ్ళ కాలనీ నుంచి వచ్చిన ముసలామెకు మునిగిన తన ఊరి జొన్న. సుబ్బరత్నమ్మకు మీసాల సజ్జ వచ్చింది. గుడ్డ చుట్టి రొండిన దోపుకుంది. ఆ తడి నడుముకు తగులుతుంటే కడుపులో బిడ్డ ఉన్నప్పటిలా ఒళ్ళు దగ్గర పెట్టుకుని నడిచింది.

మూడో నాడు రాలేదు. రెండో నాడు తెల్లవారగానే వ్యాన్లు వచ్చాయి.

మాటా మంతీ లేదు. లాఠీలు ముందు కాలనీ వాళ్ళ మీద పడ్డాయి, తర్వాత ఊరి వాళ్ళ మీద. లాఠీకి మధ్యలో వదిలిన ఖాళీ కనపడలేదు. ఆడవాళ్ళను జుట్టు పట్టి వ్యాన్లలోకి తోశారు. ఒక కానిస్టేబుల్ సుబ్బరత్నమ్మ రొండిన ఏదో దాచిందని చెయ్యి వేయబోతే పళ్ళతో కరిచింది. వ్యాను తలుపు పడింది. జాలీలోంచి చూస్తే లారీ గేటు దాటుతోంది.

ఆదెయ్య మందకు ముందు నిలబడి చేతికర్ర అడ్డం చాచాడు. లారీ ఆగుతుందనుకున్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఎన్ని రోడ్లు దాటించాడో, మంద అడ్డం వస్తే ఆగని బండిని అతను చూడలేదు. బస్సు ఆగింది, ఇసక ట్రాక్టరు ఆగింది, మంత్రి కారు కూడా హారన్ కొట్టి ఆగింది. గొర్రెల మీదికి బండి తోలే మనుషులుంటారని అతనికి తెలియదు.

లారీ ఆగలేదు. పాల్ పరుగున వెళ్ళి అతని భుజం పట్టి లాగాడు. భుజం అందింది, మనిషి అందలేదు. పాల్ చెయ్యి విరిగింది. ఆదెయ్య గొర్రెల మధ్యన పడిపోయాడు. గొర్రెలు అరిచిన అరుపు సుబ్బరత్నమ్మకు వినపడింది కానీ తన అరుపు తనకు వినపడలేదు.

ఆడవాళ్ళను ఒక కల్యాణ మండపంలో పెట్టి తాళం వేశారు. మగపోలీసు నీళ్ళ బిందె తెచ్చిపెట్టాడు. సుబ్బరత్నమ్మ దగ్గరికి ఎవరూ రాలేకపోయారు, ఏం చెప్పి ఓదారుస్తారు? చాలాసేపటికి ఆమే లేచింది. గ్లాసుతో నీళ్ళు ముంచుకుంది. తాగుతుందనుకున్నారు. రొండిన గుడ్డ తీసి, దాని మీద చల్లి, మళ్ళీ దోపుకుంది. మిగతా ఆడవాళ్ళు ఒకరి తర్వాత ఒకరు లేచి తమ తమ గుడ్డలు తడుపుకున్నారు.

సాయంత్రానికి వాళ్ళను వదిలి శవాన్ని ఇచ్చారు. కేసు కూడా రాశారు. జనాన్ని రెచ్చగొట్టి ఆదెయ్యను లారీ కిందికి తోశాడని పాల్ మీద. చెయ్యికి కట్టు కట్టి జైలుకు పంపారు.

*

ఆదెయ్యను పూడ్చి వచ్చాక, మూడో నాడు, సుబ్బరత్నమ్మ ఇంటి ముందు గుడ్డలు విప్పారు. సస్పెండ్ చేసిన కాగితం సంచిలో పెట్టుకుని విజయకుమారి బస్సులో వచ్చింది.

కొర్ర కొంత మొలిచింది. అలసంద బాగా మొలిచింది. వరిగలో ఒక్కటీ లేదు. మునిగిన ఊరి జొన్న ఒక్కటీ లేదు. ఆ ముసలామె గుడ్డను అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "ఊరు నీళ్ళల్లో పాయె, గింజ ఎండలో పాయె," అని గుడ్డ మడిచి పెట్టుకుంది. ఆ జొన్న ఇక లేదు. ఎక్కడా లేదు. మనిషి చస్తే ఆ మనిషి పోతాడు. గింజ చస్తే తినాల్సిన మనవళ్ళు, ముని మనవళ్ళు అందరి నోటి దగ్గరి కూడూ పోతుంది. లారీలో ఎక్కించుకుపోయిన వాళ్ళకు ఇది హత్య అని ఏ కోర్టు చెప్తుంది?

సుబ్బరత్నమ్మ గుడ్డలో ఎక్కువ గింజలు నల్లబడి ఉన్నాయి. అక్కడక్కడ కొన్నిటికి తెల్లటి వేరు వచ్చింది.

"బతికుండాదా అమ్మా?"

"బతికుంది. కానీ చాలదు," అంది విజయకుమారి. "సజ్జ గాలికి కలిసే పంట. ఒక మొక్క పుప్పొడి ఇంకో మొక్కకు తగలాలి. ఈ కాసిని మొక్కల నుంచే గింజ తీసుకుంటూ పోతే తరం తరానికీ నీరసించిపోతుంది. ఎంతమంది తల్లులుంటే అంత బలం. వేరే ఇంటి గింజ దీనితో కలవాలి. ఎక్కడైనా ఉందా?"

ఎక్కడుందో అందరికీ తెలుసు.

సుబ్బరత్నమ్మ లేచి కాలనీ దారి పట్టింది. మైలలో ఉన్న మనిషివి ఎక్కడికే అని వెనక నుంచి ఎవరో పిలిచారు. ఆగలేదు.

సారా వంటపాకలో కూర్చుని పొయ్యి ఊదుతోంది. లోపలికి వంగగానే సుబ్బరత్నమ్మకు పొగకు కళ్ళు మండి నీళ్ళు కారాయి. తలెత్తి చూసింది. నల్లబడిన వాసానికి కంకుల కట్ట వేలాడుతోంది, మసి పట్టి, ఎండి, గట్టిగా.

"కూలికిచ్చిన గింజ తిరిగి తీసుకుపోను వచ్చినావా అమ్మా?" అంది సారా, తల తిప్పకుండా.

"అడుక్కోను వచ్చినా."

"అరిష్టం అన్నాడంట గదా మీ ఆయన."

"అన్నాడు. నేను పక్కనే ఉండి నోరు మూసుకున్నా."

"ఇన్నాళ్ళూ మా చేతులు మీ కోతలకు పనికొచ్చినాయి. మా పొయ్యి పనికిరాలేదు." సారా పొయ్యిలోంచి కట్టె లాగి నీళ్ళు చల్లింది. "మా ఆయన మీ ఆయన్ని లాగబొయ్యి చెయ్యి ఇరగ్గొట్టుకున్నాడు. ఇప్పుడు చంపింది ఆయనే అంటాండారు. నువ్వు కళ్ళతో చూసినావు. చెప్తావా?"

"కోర్టులో చెప్తా. రోడ్డు మీద చెప్తా. మా వాళ్ళందరి చేతా చెప్పిస్తా."

సారా అప్పుడు ఆమె వైపు తిరిగింది. ఇద్దరి కళ్ళూ ఎర్రగా ఉన్నాయి, పొగకో దేనికో.

"అయితే విను. ఈ గింజ నీకియ్యను. నీ చేలో పొయ్యను. నా దిబ్బ మీదా పొయ్యను. నీదీ నాదీ ఒక చాటలో కలిపి, ఆ విత్తన కేంద్రం చేలోనే పోద్దాం. అది కంపెనీ భూమి కాదు, జనం భూమి. మా ఆయన చెప్పి పొయినాడు, జైలుకి పోతా పోతా."

"మళ్ళీ కొడతారు."

"కొడతారు. నువ్వొస్తావా రావా?"

"పొద్దున్నే వస్తా," అంది సుబ్బరత్నమ్మ. తర్వాత సర్దుకుని, "తొలకరి పడనీ," అంది.

*

తొలకరి పడింది. ఆ వారమంతా ఆడవాళ్ళు ఊరూరా తిరిగారు. ఎవరి వంటపాకలో ఇంకా పొగ ఉందో వెతికారు. గ్యాసు బండ నింపించుకోలేని ఇళ్ళలో, కాలనీల్లో, కొండవార గుడిసెల్లో కంకులు దొరికాయి. ఊళ్ళకు ఊళ్ళు పోగొట్టుకున్నదాన్ని పేదల పొయ్యిలు కాపాడాయి. కంపెనీకి ఈ లెక్క తెలియదు. తెలిసుంటే ఆ పొయ్యిలు కూడా లీజుకు తీసుకునేది.

పొద్దు పొడుస్తుండగా విత్తన కేంద్రం వెనక కంచె ముళ్ళు తీసి మందలను బీడు చేలోకి తోలారు. చేను అంచున నిలబడి సుబ్బరత్నమ్మ కొంగు ముడి విప్పింది. సారా కట్ట నూర్చి తెచ్చిన గింజ చాటలో పోసింది. చెయ్యి పెట్టి కలిపితే ఏది ఎవరిదో తెలియకుండా పోయింది.

"మొగుడు పోయిన చేత్తో తొలి గింజ చల్లకూడదు," అంది బండమీదపల్లె ముసలామె ఒకతె.

"మొగుణ్ణి చంపిన చేతులకు ఏ అడ్డూ లేదు, నా చేతికా?" అంది సుబ్బరత్నమ్మ. పిడికెడు తీసి చల్లింది. పక్కన సారా చల్లింది. ఈసారి మధ్యలో ఖాళీ వదల్లేదు ఎవరూ. వరసగా నడుస్తూ, తడి నేల మీద కొర్ర, అలసంద, సజ్జ, ఎవరి సాలులో వాళ్ళు చల్లుకుంటూ పోయారు. విజయకుమారి ఏ రకం ఎక్కడ పడాలో చూపిస్తూ గట్టు వెంట నడిచింది. చుట్టుపక్కల హైబ్రిడ్ సజ్జ లేని నేల అదొక్కటే, పుప్పొడి కల్తీ కాదు.

చల్లడం అయ్యేసరికి వ్యాన్లు వచ్చాయి. రమేష్‌బాబు కారూ వచ్చింది. సి.ఐ. మైకులో చదివాడు: ప్రభుత్వ స్థలంలో అక్రమ ప్రవేశం, అందరూ వెంటనే ఖాళీ చెయ్యాలి. ఒక్కరూ కదల్లేదు. జీవాల మెడ గంటలు మోగుతున్నాయి.

"ముందు ఆ గొర్రెల్ని తరమండి," అని అరిచాడు రమేష్‌బాబు. "చేను మొత్తం ఖాళీ చేయించండి. అటు నించి తోలండి, ఇటు నించి తోలండి. ఒక్కటీ మిగలకూడదు."

పోలీసులు లాఠీలు తిప్పుతూ చేలోకి దిగారు. మందలు బెదిరాయి. ఈ చివరి నుంచి ఆ చివరికి పరిగెత్తాయి. అక్కడ అడ్డుకుంటే తిరిగి ఇటు పరిగెత్తాయి. తడి నేలలో వేల గిట్టలు దిగబడ్డాయి. బురదలో బూట్లు ఇరుక్కుపోయి పోలీసులు బూతులు తిడుతూ చేనంతా, అంగుళం వదలకుండా గొర్రెలను తోలారు.

సుబ్బరత్నమ్మ చూస్తూ నిలబడింది. ఆదెయ్య ఉన్నా గింజ మీద మందను ఇంత బాగా తోలలేకపోయేవాడు. ఆ మాట అనుకోగానే మొగుడు పోయిన నాటి నుంచి రాని ఏడుపు ఒక్కసారి వచ్చింది. ఏడుస్తూనే సారా చెయ్యి పట్టుకుంది. సారా చేలోకి చూసి, పోలీసులను చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. రమేష్‌బాబు పుట్టింది పల్లెలోనే. ఆడవాళ్ళ మొహాలు చూశాక, చేను చూశాక, ఏం జరిగిందో అతనికీ అర్థమైంది. ఆపమని సి.ఐ. దగ్గరికి పరిగెత్తాడు. అప్పటికే గింజ మట్టిలో ఉంది.

ఇద్దరినీ ఒకే వ్యానులోకి ఎక్కించారు. వ్యాను నిండిపోయింది, రెండోదీ నిండిపోయింది. తలుపు వేయబోతుంటే మళ్ళీ చినుకులు మొదలయ్యాయి.

"మనం లోపలుంటే చేనెవరు కాస్తారు?" అంది సారా.

సుబ్బరత్నమ్మ జాలీలోంచి వేలు చూపించింది. కలిగిరి రోడ్డున ఇంకో మంద వస్తోంది. దాని ముందు చాటలు నెత్తిన బోర్లించుకుని ఆడవాళ్ళు వానలో నడిచి వస్తున్నారు.